పాలవరస

మాణిక్యానికి నోరు ఆగదు. చేపల బేరంలో ఆమెతో నెగ్గినవాళ్లు అడవులదీవిలో లేరు. ఆ నోటితోనే ఇంటి సంగతులు ఊరంతా పంచిపెట్టడం కూడా ఆమెకే చెల్లింది. కోడలికి పాలు బాగా పడ్డాయన్న సంగతి నిజాంపట్నం హార్బరులో గంప దించుకుంటూ చెప్పింది, షేర్ ఆటోలో చెప్పింది, ఆఖరికి కూతురి కాన్పుకి రేపల్లె ఆసుపత్రికి వెళ్తే అక్కడ పక్క మంచం మీదున్న ముక్కూ మొహం తెలియని బాలింతకీ చెప్పింది.

"మా నాగలక్ష్మి పాలతో ఇద్దరు పిల్లల్ని సాకొచ్చమ్మా. ఉత్తమాట కాదు, పాలసొర చేప కూర నా చేత్తో వండి పెట్టాను, మూడు పూటలా."

దిష్టి తగులుతుంది ఊరుకోమని ఎవరైనా అంటే, "నా కోడలికి నా దిష్టేంటి?" అని నవ్వేసేది. ఆ మాటలు చెవిన పడ్డప్పుడల్లా నాగలక్ష్మికి లోపల గుబులుగా ఉండేది. అత్త ముచ్చటపడుతోందని సంతోషం ఒకపక్క, ఈ ముచ్చట ఎక్కడికి దారితీస్తుందోనన్న భయం ఇంకోపక్క. చివరికి భయపడినంతా అయింది.

మాణిక్యం కూతురు అనసూయని సూర్యలంక ఇచ్చారు. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలి కాబట్టి ఏడో నెలలోనే తీసుకొచ్చారు. రేపల్లెలో ఆపరేషన్ చేసి మగపిల్లాణ్ణి తీశారు. తల్లీ పిల్లాడూ క్షేమంగానే ఇల్లు చేరారు గానీ, అనసూయకి పాలు పడలేదు. పిల్లాడు రొమ్ము నోట కరుచుకోవడం, రెండు గుటకలకి ఏమీ రాక వదిలేసి గుక్కపెట్టి ఏడవడం. ఆసుపత్రి సిస్టరు ముందే చెప్పింది, ఆపరేషన్ అయినవాళ్లకి కొంచెం ఆలస్యమవుతుంది, పట్టిస్తూనే ఉండండి, మరీ చాలకపోతే ఈ పాలపొడి కలిపి పట్టండి అని. పొడి పేరు కూడా రాసిచ్చింది.

ఆ పొడి తేవడానికి ఒప్పుకోనిది నాంచారమ్మ. ఆమె అనసూయ అత్తగారు, మనవణ్ణి చూసుకోవడానికి సూర్యలంక నుంచి వచ్చి వారం ఉంటానని సంచి సర్దుకుని కూర్చుంది. చెడ్డ మనిషేం కాదు. ఆమె మొదటి బిడ్డ డబ్బా పాలు తాగుతూ విరేచనాలు పట్టుకుని చేతుల్లోనే పోయాడు. అది జరిగి ముప్ఫై ఏళ్లు దాటినా, పాలసీసా చూస్తే ఇప్పటికీ ఆమెకి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. అటువంటి మనిషికి పొడి మంచిదని నచ్చచెప్పడం ఎవరి తరం?

"నా కంఠంలో ప్రాణం ఉండగా వీడి నోట్లో డబ్బా పాలు పడనివ్వను" అంది నాంచారమ్మ, మధ్యాహ్నం భోజనాలయ్యాక.

అప్పుడు మాణిక్యం నోరు మళ్లీ తెరుచుకుంది. "డబ్బా పాలు దేనికి వదినా? పాలకుండ లాంటి కోడల్ని ఇంట్లో పెట్టుకుని! నాగలక్ష్మీ, చెయ్యి కడుక్కుని ఇటురా."

వంటింట్లో బాలింతకని వెల్లుల్లి వొలుస్తున్న నాగలక్ష్మి విననట్టే ఇంకో గడ్డ అందుకుంది.

నాగలక్ష్మి పుట్టిల్లు చెరుకుపల్లి పక్క పల్లె. రేపల్లెలో ఇంటర్ చదివి, ఫలితాలు వచ్చిన వేసవిలోనే సింగయ్యని చేసుకుని ఈ గుమ్మంలోకి వచ్చింది. సింగయ్య మంచివాడే, తాగుడు లేదు, చెయ్యి చేసుకోవడం లేదు. పెళ్లికి ముందు రెండేళ్లు పారదీప్ వైపు బోట్ల మీద పనిచేశాడు. అక్కడ ఏం జరిగిందో ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. కడుపుతో ఉన్నప్పుడు రేపల్లెలో రక్తపరీక్ష చేసి, లోపలి గదిలోకి పిలిచి, తలుపేసి, హెచ్ఐవి ఉందని చెప్పారు. తర్వాత సింగయ్యకీ చేశారు. అతనికీ ఉంది.

ఆ రోజు ఇంటికొచ్చే బస్సులో సింగయ్య కిటికీ వైపు తిరిగి ఏడ్చాడు. నాగలక్ష్మి ఏడవలేదు. ఆమెకి పుట్టింటి ఊళ్లో ఒకావిడ గుర్తొచ్చింది. ఈ జబ్బుతో మొగుడు పోతే, ఆవిణ్ణే అందరూ మొగుణ్ణి మింగిందన్నారు. అత్తవారు కంచం, గ్లాసు వేరు చేశారు, పశువుల కొట్టంలో పడక వేశారు, చివరికి పుట్టింటికి తరిమేశారు. పుట్టింటివాళ్లు కూడా పేరంటాలకి పిలవడం మానేశారు. జబ్బు తెచ్చింది ఎవరో ఊరందరికీ తెలుసు. తెలిసినా ఒక్కరు కూడా ఆ మాట పైకి అనలేదు. మగవాడు సముద్రం మీదకి పోయేవాడు, నాలుగు ఊళ్లు తిరిగేవాడు, వాడిదేం తప్పు అనే లోకం ఇది. ఇంట్లో కూర్చున్నదానికి మాత్రం లక్ష వంకలు.

"అమ్మకి చెప్పొద్దు. అమ్మకి తెలిస్తే ఊరికి తెలిసినట్టే" అన్నాడు సింగయ్య. అంతే, ఇద్దరి మధ్యా ఆ మాట ఒక్కటే ఒప్పందం. తెనాలి పెద్దాసుపత్రిలో మందులు తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడల్లా థైరాయిడ్ అని చెప్పేవాళ్లు. ఈ రోజుల్లో థైరాయిడ్ లేని ఆడమనిషి ఎక్కడుంది కనక, ఎవరూ ఆరా తీయలేదు.

పాప పుట్టింది. జాహ్నవి అని పేరు పెట్టుకున్నారు. తెనాలి సిస్టరు అన్నీ విడమరిచి చెప్పింది. "నువ్వు మాత్రలు మానకుండా వేసుకుంటున్నావు, పాపకి మందు పోస్తున్నాం, కాబట్టి నీ పాలు నువ్వు ఇచ్చుకో. వేరే ఏమీ పట్టకు. కానీ ఇంకొకళ్ల బిడ్డకి మాత్రం ఇవ్వొద్దమ్మా. పల్లెల్లో ఇచ్చుకుంటారుగా, అందుకే మరీ మరీ చెప్తున్నా." ఆ మాట నాగలక్ష్మి గట్టిగా పట్టుకుంది. జాహ్నవికి చేసిన మొదటి టెస్టులో ఏమీ లేదని వచ్చినప్పుడు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని కాసేపు ఊపిరి పీల్చుకుంది. ఇంకా చెయ్యాల్సిన టెస్టులున్నాయి. ఏడాదిన్నర దాటితేగానీ ఖాయంగా చెప్పరట.

ఇదీ సంగతి. ఇప్పుడు నడవలో నాంచారమ్మ ఒళ్లో పిల్లాడు గొంతు చించుకుంటున్నాడు. మాణిక్యం రెండోసారి పిలుస్తోంది.

నాగలక్ష్మి చేతులు కడుక్కుని వచ్చింది. వేట నిషేధం రోజులు కావడంతో బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి. సింగయ్య అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. మాటలన్నీ అతనికి వినపడుతూనే ఉన్నాయి.

"నాకు రొంపగా ఉందత్తా" అంది నాగలక్ష్మి.

"ఎప్పట్నుంచి? పొద్దున్న బాగానే ఉన్నావుగా. కొంగు మొహానికి అడ్డం పెట్టుకో."

"మాత్రలు వేసుకుంటున్నాను కదా, థైరాయిడ్‌వి. పసివాడికి పడతాయో లేదో."

మాణిక్యం పకపకా నవ్వింది. "ఏంటే నీ చాదస్తం! ఆ మాత్రలు మింగుతూనే నీ కూతురికి ఇస్తున్నావు. దానికేమైంది? గుండ్రాయిలా ఉంది."

నాగలక్ష్మి అరుగు వైపు చూసింది. ఒక్క మాట అనొచ్చు సింగయ్య. దానికి ఒంట్లో బాగాలేదమ్మా, నేను వెళ్లి పొడి తెస్తా అంటే చాలు, ఇంటి మగవాడి మాటని కాదనే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు. అతను ఇంకా కిందికి వంగి, వల కన్ను ముడేస్తూ కూర్చున్నాడు. నాగలక్ష్మికి ఒళ్లు మండిపోయింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మనిషి మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. జబ్బు అంటించినందుకు కూడా రాలేదు.

పిల్లాడి ఏడుపుకి ఆమె రొమ్ములు వాటంతట అవే చేపుకొచ్చాయి. జాకెట్టు తడిసింది. నాంచారమ్మ అది చూసింది.

"చూశావా వదినా, వీడి ఏడుపుకే దానికి పాలు చేపుతున్నాయి! తల్లి మనసంటే అదీ. రామ్మా, కూర్చో తల్లీ" అంటూ పిల్లాణ్ణి తెచ్చి నాగలక్ష్మి చేతుల్లో పెట్టింది. వాడు మూరెడు ఉన్నాడు. ఎర్రగా, కందిపోయి ఉన్నాడు. మొహం అటూ ఇటూ తిప్పుతూ వెతుకుతున్నాడు.

నోటికి ఏదో ఒకటి రావాలి, వచ్చింది.

"పెద్దమ్మా, నేనిస్తే వీడూ మా జాహ్నవీ అక్కాతమ్ముళ్లు అయిపోరా?"

ఆ వైపు పల్లెల్లో ఒక పట్టింపు ఉంది. ఒక తల్లి పాలు తాగినవాళ్లు ఎవరి కడుపున పుట్టినా తోబుట్టువులే. వాళ్ల మధ్య పెళ్లి మాట ఎత్తితే కళ్లు పోతాయంటారు. అనసూయ కొడుక్కి నాగలక్ష్మి కూతురు మేనమామ బిడ్డ. పుడుతూనే వరసైన పిల్ల. ఒక్క పూట పాలు పడితే ఆ వరస ఇక లేనట్టే.

మాణిక్యం ముక్కు మీద వేలేసుకుంది. "అవునే! నాకు తట్టనే లేదు."

"నువ్వు మేనరికాలకి ఒప్పుకోనన్నావుగా నాగలక్ష్మీ?" అంది నాంచారమ్మ, ఆశగా. ఆ మాట నిజం. ఆసుపత్రిలో పిల్లాడు పుట్టగానే, ఐదు నెలలు పెద్దదైతేనేం, మా వాడికి పెళ్లాం తయారుగా ఉంది అని నాంచారమ్మ పరాచికమాడితే, నాగలక్ష్మి అందరి ముందూ మొహం మీదే చెప్పింది. నా కూతుర్ని చదివిస్తాను, నర్సుని చేస్తాను, మేనరికం గీనరికం నా దగ్గర ఎత్తకండి అని. అప్పుడు నాంచారమ్మ మొహం చిన్నబుచ్చుకుంది కూడా.

"అప్పుడేదో అన్నాను పెద్దమ్మా" అంది నాగలక్ష్మి. "వరస ఎందుకు చెడగొట్టుకోవాలి అనిపిస్తోంది ఇప్పుడు."

"అంటే పిల్లనిస్తానంటావా?"

"ఇస్తాను."

అంతే! నాంచారమ్మ ఆనందం చెప్పనలవి కాదు. ఉయ్యాల్లో నిద్రపోతున్న జాహ్నవి దగ్గరికి వెళ్లి, తన నుదుటి కుంకుమ వేలితో తీసి దాని నుదుట పెట్టింది. పక్కింటి ఇద్దరాడవాళ్లని కేకేసి మరీ చెప్పింది, మాట అయిపోయిందర్రా, మా ఇంటి కోడలు ఇది అని. మాణిక్యం పంచదార డబ్బా తెచ్చి అందరి నోళ్లలో తలో చిటికెడు వేసింది. తన నోట్లో పడ్డ పంచదార నాగలక్ష్మికి మింగుడు పడలేదు. ఐదు నెలల పిల్ల. రేపు టెస్టులో ఏమొస్తుందో తెలియదు. దాని చదువు, దాని పెళ్లి, దాని ఇష్టం అన్నీ తన గుట్టు దాచుకోవడానికి తాకట్టు పెట్టేసింది. ఛీ, ఏం తల్లిని నేను, అనుకుంది. అయినా పిల్లాడు బతికిపోయాడు కదా అనుకుని నాంచారమ్మ చేతికి వాణ్ణి తిరిగి ఇవ్వబోయింది.

"ఆపండి!"

లోపలి గదిలోంచి అనసూయ అరిచింది. కుట్ల నొప్పితో మంచం దిగలేక, గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చేసింది. జుట్టు రేగిపోయి ఉంది.

"నా కొడుకు ఆకలికి చచ్చిపోతుంటే పంచదారలు పంచుకుంటున్నారా? మీకు మనసులెలా వస్తున్నాయి? ఇరవయ్యేళ్ల తర్వాతి పెళ్లి ముఖ్యమా, ఇప్పుడు వాడి గొంతు తడవడం ముఖ్యమా?"

"అది కాదే" అంది మాణిక్యం.

"ఏది కాదు? వదినా, నాకు నీ కూతురొద్దు. మేనరికం వద్దు. వాళ్లు అక్కాతమ్ముళ్లయితే అవనీ, రాఖీ కట్టించుకుంటాడు. అందరి ముందూ చెప్తున్నాను, వాడి మీద ఒట్టు. ముందు వాడికి పాలియ్యి, నీకు దండం పెడతాను." నిజంగానే రెండు చేతులూ జోడించింది. ఆడపడుచు అలా చేతులు జోడించడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

తల్లి అంత మాటన్నాక ఎవరేం అంటారు? మాణిక్యమే కళ్లు తుడుచుకుని, "కానీవే నాగలక్ష్మీ. అది అంతగా అడుగుతోంది. లోపలికెళ్లి ఇయ్యి" అంది. పరాయి బిడ్డకి పాలిచ్చేటప్పుడు నలుగురి కళ్లూ పడకూడదని వాళ్ల నియమం. అనసూయని పట్టుకుని మంచం మీద పడుకోబెట్టి, నాగలక్ష్మిని పక్కన పీట మీద కూర్చోబెట్టి, మాణిక్యం తలుపు దగ్గరగా వేసుకుని వెళ్లిపోయింది.

గదిలో వాము పొగ వాసన. ముగ్గురే ఉన్నారు.

పిల్లాడు నాగలక్ష్మి జాకెట్టు మీది తడికి మూతి ఆనించి చప్పరించబోయాడు. ఆమె వాణ్ణి మోకాళ్ల మీదికి జరిపింది. వాడు మళ్లీ గుక్కపట్టాడు. ఒక్క హుక్కు తీస్తే చాలు, ఈ ఏడుపు ఆగిపోతుంది, ఈ ఇల్లు తనకి మిగులుతుంది. మాత్రలు ఒక్క పూట కూడా మానలేదు, ఒక్కసారికి ఏమవుతుంది అని ఒక మనసు. ఏమీ కాదేమో కూడా. కానీ ఒక్కసారితో ఆగదు కదా, సాయంత్రం మళ్లీ పిలుస్తారు, రేపు పొద్దున్న మళ్లీ పిలుస్తారు. జాహ్నవికి మందు పోశారు, వీడికి ఎవరు పోస్తారు? వీడికి ఏదైనా అయితే ఎవరికీ తెలియదు, తనకొక్కదానికి తప్ప. ఆ తెలియడంతో ఎలా బతుకుతుంది?

"ఇంకా ఏంటి వదినా?" అంది అనసూయ. "ఒట్టేశాను కదా."

"నేనివ్వలేను అనసూయా."

"ఎందుకివ్వలేవు?"

"నాకు హెచ్ఐవి ఉంది."

ఆ మూడు అక్షరాలూ ఆసుపత్రి బయట ఆమె నోటి నుంచి రావడం అదే మొదటిసారి. చాలా మెల్లగా అంది. అయినా గోడలకి వినపడిందేమో అన్నట్టు భయంగా చూసింది.

అనసూయకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహంలో రంగు మారిపోయింది. "ఎయిడ్స్..." అంటూ నొప్పి కూడా మర్చిపోయి ఒక్క ఊపున వంగి, పిల్లాణ్ణి నాగలక్ష్మి ఒళ్లోంచి లాగేసుకుంది. చీర చెంగుతో వాడి మూతి తుడిచింది. మళ్లీ తుడిచింది. తాగనేలేదు వాడు, అయినా తుడుస్తూనే ఉంది. నాగలక్ష్మి అది చూస్తూ కూర్చుంది. చెంపదెబ్బ కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

"ఇన్నాళ్లూ మా అందరికీ వండి పెట్టావు" అంది అనసూయ, పళ్లు బిగించి.

"వంటకి రాదు. ముట్టుకుంటే రాదు, ఒక కంచంలో తింటే రాదు. పాలతో వస్తుందని భయం. నా బిడ్డకైతే మందు పోస్తున్నారు, వీడికి పొయ్యరు కదా. అందుకే తెనాలి సిస్టరు ఇంకొకళ్ల పిల్లలకి ఇవ్వొద్దంది."

"జాహ్నవికి?"

"మొదటి టెస్టులో లేదు. ఇంకా చెయ్యాలి."

"మా అన్నయ్యకి తెలుసా ఈ సంగతి? నీకు ఎలా వచ్చింది? ఎవరి దగ్గర..." అని ఆగింది అనసూయ. ఆ ప్రశ్న ఎటు పోతోందో నాగలక్ష్మికి తెలుసు. పుట్టింటి ఊళ్లో ఆవిణ్ణి ఊరంతా అడిగిన ప్రశ్నే అది.

"మీ అన్నయ్యకి తెలుసు. ఆయనకీ ఉంది" అంది. "ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే టెస్టు లేదంట. నేను మాత్రం కాలేజీ నుంచి మా ఇంటికి, మా ఇంటి నుంచి ఈ ఇంటికి వచ్చాను. అంతకుమించి ఏ ఊరూ చూడలేదు."

తలుపు సందులోంచి అరుగు మీద సింగయ్య వీపు కనిపిస్తోంది. చిన్నప్పుడు అనసూయ ఆ వీపు మీదెక్కే సముద్రం దాకా వెళ్లేది. దానివైపు చాలాసేపు చూసింది. అప్పుడు ఆమె మొహం ముడుచుకుపోయింది, ఏడుపు ఆపుకుంటున్నట్టు.

"చెప్పకుండా ఇచ్చేస్తే నాకు తెలిసేది కాదు కదా" అంది.

"తెలిసేది కాదు."

"ఇప్పుడు నేను అమ్మకి చెప్తే నీ గతి ఏంటో తెలుసా?"

"తెలుసు."

"మరి ఎందుకు చెప్పావు?"

"వాడు నోరు తెరుచుకుని నా వైపే తిరిగాడు అనసూయా. వాడికి నేనెవరో తెలియదు. నమ్మేశాడు. ఇంకేం చెయ్యను?"

బయట నుంచి నాంచారమ్మ పిలిచింది. "అమ్మాయ్, ఏడుపు ఆగలేదేంటి? పట్టుకోవడం లేదా?"

నాగలక్ష్మి కళ్లు మూసుకుంది. ఇక అయిపోయింది అనుకుంది. జాహ్నవిని ఎత్తుకుని ఏ బస్సెక్కాలి, పుట్టింట్లో ఎన్నాళ్లు ఉండనిస్తారు, ఇవే ఆలోచనలు ఒకదాని వెనక ఒకటి వచ్చిపడ్డాయి.

"లేదత్తా, నేనే వద్దన్నాను" అంది అనసూయ గట్టిగా. "ఇందాక ఏడుపు చూడలేక నోరు జారాను. ఇప్పుడు ఆలోచిస్తే తప్పనిపించింది. మా వదిన పిల్ల నాకు కోడలు కావాలి. ఆ వరస నేను చెడగొట్టుకోను. వదిన పాలు నా కొడుక్కి పట్టనివ్వను."

"ఒట్టేశావు కదే పిల్లాడి మీద!" అంది మాణిక్యం గాభరాగా.

"తీసి గట్టు మీద పెట్టాను. వేసిందీ నేనే, తీసిందీ నేనే." అని గొంతు ఇంకా పెంచింది. "అన్నయ్యా! ఆ వల అక్కడ పడేసి లే. ఆసుపత్రి సిస్టరు రాసిన పొడి రేపల్లె వెళ్లి పట్టుకురా. నువ్వే వెళ్లాలి. ఇప్పుడే వెళ్లాలి."

అరుగు మీద సింగయ్య తలెత్తాడు. తలుపు సందులోంచి చెల్లెలి కళ్లు అతన్నే చూస్తున్నాయి. ఆ చూపులో ఏముందో అతనికి అర్థమైంది. చేతిలోని వల జారిపోయింది. లేచి, బండి తాళం తీసుకుని వెళ్లిపోయాడు. నాంచారమ్మ డబ్బా పాలంటూ ఏదో మొదలుపెట్టింది. "నీళ్లు నేను కళ్లారా చూసి మరిగిస్తానత్తా, సీసా వద్దు, ఉగ్గుగిన్నెతోనే పడతాను. అప్పటి సంగతి వేరు" అంది అనసూయ. పిల్లాడి తల్లి గొంతులో ఉన్న గట్టిదనానికో, మనవడికి పిల్ల ఖాయమైందన్న సంతోషానికో, నాంచారమ్మ గొణుక్కుంటూనే పొయ్యి మీద నీళ్లు పెట్టడానికి వెళ్లింది.

గదిలో మళ్లీ ఇద్దరూ మిగిలారు.

"నీ కూతురికి ఇష్టమైతేనే లే" అంది అనసూయ, గొంతు తగ్గించి. "అది పెద్దదయ్యాక కాదంటే, వద్దన్నది మావాడే అని నేను చెప్తాను. దాని టెస్టులో ఏమొచ్చినా సరే, మాట మాత్రం నేను తప్పను. ఇప్పటికి మనిద్దరికీ ఈ మాట కావాలి." ఏడుస్తున్న పిల్లాడి వీపు నిమురుతూ, "నాకు కోపం పోలేదు వదినా. నీ మీద కాదు. ఎవరి మీదో నీకు తెలుసు. వాడితో ఎప్పుడు మాట్లాడతానో నాకే తెలియదు" అంది.

నాగలక్ష్మి తల ఊపింది.

"సిస్టరు ఏమంది, పట్టిస్తూ ఉంటే వస్తాయనేనా?"

"అవును. వదలకుండా పట్టిస్తూ ఉండమంది. నాకూ మొదట్లో రాలేదు."

"అయితే మళ్లీ చూద్దాం. దిండు వెనక పెట్టుకుని కూర్చోవాలి. కుట్లు లాగుతున్నాయి." అనసూయ మోచేతి మీద లేవబోయి నొప్పికి మూలిగింది. అటూ ఇటూ చూసి, ఇందాక లాగేసుకున్న పిల్లాణ్ణి నాగలక్ష్మి వైపు చాపింది. "ఇదిగో, పట్టుకో."

నాగలక్ష్మి చేతులు ముందుకి రాలేదు. "నేనా?"

"నువ్వు కాక ఇంకెవరున్నారు ఇక్కడ? తల జాగ్రత్త."

నాగలక్ష్మి రెండు చేతులూ చాపి వాణ్ణి అందుకుంది. వాడు ఆమె మెడ మీద మొహం వాల్చి వెక్కుతున్నాడు. అనసూయ దిండు సర్దుకుంటోంది, హుక్కులు తీసుకుంటోంది, తొందరపడటం లేదు. రేపల్లె ఆసుపత్రి గదిలో తలుపేసి చెప్పిన రోజు నుంచీ ఎవరి ముందూ ఏడవని నాగలక్ష్మి, ఆడపడుచు బిడ్డని గుండెకి హత్తుకుని, ఆడపడుచు ముందే ఏడ్చేసింది.